పెట్టినోడి పేరు

ఇంటికెళ్ళగానే కాళ్ళు కడుక్కుని, ఇంత టీ తాగి, కాసేపు నడుం వాల్చుదామనుకున్నాడు గోవింద్. తెల్లవారితే ట్రాక్టర్ల షోరూం ప్రారంభం. తుని రోడ్డులో ఆ షెడ్డు లేచిన దగ్గర్నుంచీ బోర్డు వాళ్ళతో, షామియానా వాళ్ళతో, కరెంటాఫీసు వాళ్ళతో మాట్లాడి మాట్లాడి అతని గొంతు జీరబోయింది. షోరూంకి ఇన్‌ఛార్జి అతనే. వాళ్ళింట్లో డిగ్రీ మెట్టెక్కిన మొదటి మనిషీ అతనే కాబట్టి, బయట ఎంత పనున్నా ఇంటి పంచాయితీలు కూడా అతని దాకానే వస్తాయి. ఆ సాయంత్రమూ ఒకటి కాచుకుని కూర్చుంది.

గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే ఈశ్వరి నవ్వు వినిపించింది. ఒడిలో తెల్లచొక్కా పరుచుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతోంది అతని భార్య. పక్కన పీట మీద అతని తల్లి దేవుడమ్మ మూతి ముడుచుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"ఏటైంది?" అన్నాడు.

"మీ మావయ్య వచ్చి వెళ్ళారు. రేపటికి చొక్కా తెచ్చారు. చూసుకోండి, మీ పేరు మారిపోయింది" అంది ఈశ్వరి, చొక్కా అతని ముందు పట్టుకుని.

మంచి గుడ్డ. కుట్టు కూడా బాగుంది. అయితే జేబు మీద ఎర్రదారంతో, ఇవతలి కొసనుంచి అవతలి కొసదాకా, "అప్పాజీ" అని కుట్టి ఉంది. అచ్చు అక్షరాలు కూడా కావు. బ్యాంకులో మావయ్య చేసే సంతకమే. ఆ వంకరే, చివర ఆ తోకే.

గోవింద్ మంచం అంచున కూలబడ్డాడు.

"పొరపాటున ఆయన పేరు కుట్టేసినట్టున్నారు" అన్నాడు.

"పొరపాటేటి?" అంది దేవుడమ్మ. "అన్నయ్యే దగ్గరుండి ఏయించేడు. నువ్వే సెప్పేవంట గదా, పెద్దోళ్ళు సొక్కా మీద పేరు ఏయించుకుంతారని."

అప్పుడు గుర్తొచ్చింది. కిందటి నెల మావయ్య ఇదే మంచం మీద కూర్చుని ఉండగా, తమ రీజనల్ మేనేజర్ గురించి ఏదో చెబుతూ అన్న మాట అది. "ఆయన చొక్కా చేతి పట్టీ మీద పేరులోని పొడి అక్షరాలు కుట్టించుకుంటాడు మావయ్యా. ఏ చొక్కా చూడు, అంతే." మావయ్య చెరుకు రైతు. ఆలోచించి, "ఎందుకూ, ఇస్త్రీ కొట్లో తారుమారైపోకుండానా?" అని అడిగాడు. "కాదు, అదొక పద్ధతి. పెద్ద ఆఫీసర్లు అలా వేయించుకుంటారు" అన్నాడు తను. అనడంలో కాస్త ముచ్చట కూడా పడి ఉంటాడు. ఆ ముచ్చటని మావయ్య తన ఊరు మాకవరపాలెం దాకా మోసుకుపోయాడన్నమాట.

"వేయించుకుంటారమ్మా. ఎవరి పేరు వాళ్ళు వేయించుకుంటారు" అన్నాడు గోవింద్. "ఇంకోడి పేరు ఎవడన్నా వేసుకుని తిరుగుతాడా?"

దేవుడమ్మ చిక్కుడుకాయల గిన్నెలోంచి కాయలు చాటలోకి వంపి, ఖాళీ గిన్నె అతని ముందు బోర్లించింది. "సదువుకున్నావు గదా. దీని మీదేటుందో సదువు."

చదవక్కర్లేదు. ఆ ఇంట్లో ఏ స్టీలు సామాను తిప్పినా వెనక చుక్కల చుక్కల అక్షరాలతో ఒకరి పేరుంటుంది. ఈ గిన్నె మీద "మత్స్యలింగం దంపతుల కానుక" అని ఉంటుంది. పెళ్ళికో, ఓణీల ఫంక్షన్‌కో గిన్నె కొంటే, కొట్టువాడి చేతే మిషన్‌తో పేరు కొట్టించి ఇవ్వడం ఇక్కడి అలవాటు. పేరు కొట్టని గిన్నె ఇస్తే ఎవరో ఇచ్చింది తిప్పి ఇచ్చారనుకుంటారు.

"మత్స్యలింగం మావ పోయి ఎన్నేళ్ళయింది? ఇందులో పప్పొండినప్పుడల్లా ఆ మనిసి అగుపిస్తాడు నాకు" అంది దేవుడమ్మ. "ఒండుకున్నది నేను. గిన్నె మీద నా పేరుందేటి? పెట్టినోడి పేరే గదా ఉంతాది!"

"గిన్నె వంటింట్లో ఉంటుంది అత్తా. చొక్కా ఊరంతా తిరుగుతుంది" అంది ఈశ్వరి.

"అందుకే గదమ్మా ఏయించేడు."

ఈశ్వరి నవ్వు ఆపింది. కానీ తన మాట వదల్లేదు. "అసలు మగాళ్ళకి చొక్కా మీద పేరెందుకండీ? మీ మేనేజరుదైనా అంతే. తన పేరు తను మర్చిపోతాడా? ఎంత చిన్నగా కుట్టించుకున్నా నాకది గొప్పలాగే ఉంటుంది. ఇది చూడండి, సంత కోడికి రంగు పూసినట్టుంది."

"నా పుట్టింటోల్ని కోడి అంతందిరా నీ పెళ్ళాం."

"అత్తా, నేనన్నది చొక్కాని!"

గోవింద్‌కి ఇద్దరి మాటా నిజమేననిపించింది. అతనికెప్పుడూ అంతే. ఇద్దరి మాటా నిజమనిపించి, మధ్యలో తనే అలిసిపోతాడు. రేపు అదే రీజనల్ మేనేజర్ విశాఖపట్నం నుంచి వస్తాడు. పదిమంది కస్టమర్లు, పేపర్ వాళ్ళు, కంపెనీ పెద్దలు వస్తారు. అందరి ముందూ గుండె మీద ఇంకొకడి పేరు ఎర్రగా మెరుస్తూ ఉంటే తను రిబ్బన్ కత్తెర పళ్ళెం పట్టుకుని నిలబడాలి. వేసుకోకపోతే మావయ్య మొదటి వరసలో కూర్చుని జేబు వైపు చూస్తాడు.

టీ గ్లాసు సగంలో వదిలేసి, చొక్కా మళ్ళీ కవర్లో పెట్టి బండి తీశాడు.

కవరు మీదున్న చిరునామా, అబీద్ సెంటర్ వెనక సందులో బేబి కొట్టు. జాకెట్ల మీద కంప్యూటర్ వర్క్ చేస్తుంది. మిషన్ టకటకమని నెమలిని కుడుతూ ఉంటే దాన్ని ఆపి లేచింది.

"వస్తారనుకున్నాను అన్నయ్యా" అంది కవరు చూడగానే. "ముందే సెప్పేను. 'తాతా, తొడుక్కున్నోళ్ళ పేరు ఏస్తారు' అంతే, 'నువ్వు సిన్నదానివి నీకు తెల్దు' అనీసేరు. కాయితం మీద సంతకం ఎట్టి ఇచ్చేరు. అది ఫోటో తీసి ఎక్కించేను. 'ఇంకా పెద్దది సెయ్' అంతారు. 'జేబు పట్టదు తాతా' అంతే, అయితే జేబే పెద్దది సెయ్యమన్నారు. ఏటి సెయ్యమంతారు నన్ను?"

"విప్పెయ్యడానికి అవుతుందా?"

"దారం ఇప్పీగలను. తెల్లగుడ్డ గదా, సూది కన్నాలు ఉండిపోతాయి. దగ్గరికొచ్చినోడికి కన్నాల్లోనే పేరు అగుపిస్తాది. అంతకంతే జేబు ఊడదీసి కొత్త జేబు ఏసీడం నయం. గుడ్డ ముక్క మిగిలే ఉంది. కూకోండి, బేగి అయిపోద్ది." బేబి కత్తెర అందుకుంది.

గోవింద్ కూర్చున్నాడు. చొక్కా బల్ల మీద పరిచి, జేబు మూల కుట్టు దగ్గర కత్తెర మొన పెట్టి, ఆమె ఒక్క క్షణం ఆగింది.

"తాతగారు రేపు సూస్తారు గదా?"

"చూస్తాడు."

"ఏటి సెప్తారు?"

"పెద్దగా ఎందుకు వెయ్యమన్నాడు?" అని అడిగాడు గోవింద్.

"అదే అడిగేను నేనూను. ఎనక కుర్చీలో కూకున్నోడిక్కూడా అగుపించాలమ్మా అన్నారు. లోగడ ఓపాలి అల్లుడికి బట్టలెట్టేను, ఎవుడూ సూడలేదు అన్నారు."

కత్తెర ఇంకా అక్కడే ఉంది.

గోవింద్ పెళ్ళి లాక్‌డౌన్‌లో అయింది. యలమంచిలిలో ఈశ్వరి వాళ్ళింటి పెరట్లో, వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందితో, మూతులకి మాస్కులతో. పెళ్ళికొడుక్కి మేనమామ పెట్టిన బట్టలు కట్టాలి. ఆ బట్టల సంచీ బండికి తగిలించుకుని అప్పాజీ తెల్లారకుండానే బయల్దేరాడు. హైవే మీద పోలీసులు ఆపేశారు. మేనమామనయ్యా అంటే, అందరూ మేనమామలేనన్నారట. ఎండెక్కేదాకా అక్కడే నిలబడ్డాడు. ముహూర్తం ఆగదు కదా. ఈశ్వరి మేనమామ ఎవరికోసమో కొన్న పంచెలచాపు ఉంటే అది కట్టి పని కానిచ్చేశారు. దారులు తెరిచాక మావయ్య ఆ సంచీ ఇంటికి తెచ్చి ఇచ్చాడు. తల్లి పోరితే గోవింద్ ఓసారి ఆ పంచె కట్టుకుని, కాళ్ళకి దణ్ణం పెట్టి, విప్పి బీరువాలో పెట్టేశాడు. చూసింది తల్లీ, ఈశ్వరీ, బీరువా. ఆ తరవాత మావయ్య ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోతే మర్చిపోయాడనుకున్నాడు గోవింద్.

"ఉండనీ బేబీ" అన్నాడు లేస్తూ.

"ఉంచీమంతారా?"

"ఇప్పుడేం చెప్పలేను. ఉండనీ."

ఉంచాలని తేల్చుకుని కాదు. ఆ జేబు ఊడదీస్తుంటే కూర్చుని చూసే ఓపిక లేక.

పొద్దున్న ఉపాయం ఈశ్వరే చెప్పింది. కంపెనీ ఇన్‌ఛార్జిలకి నల్ల బ్లేజర్ ఇచ్చింది. లోపల మావయ్య చొక్కా, పైన బ్లేజర్. "వేసుకున్నట్టూ ఉంటుంది, కనపడనట్టూ ఉంటుంది" అంది బొత్తాం పెడుతూ. అద్దంలో చూసుకున్నాడు. బ్లేజర్ జేబు మీద అరచేయంత కంపెనీ గుర్తు, దాని కింద కంపెనీ పేరు, పచ్చ దారంతో. దాన్ని చూసి ఇంట్లో ఎవరూ నవ్వలేదు. గోవింద్‌కీ ఇన్నాళ్ళూ నవ్వాలనిపించలేదు.

వైశాఖం ఎండ. షామియానా కింద గాలి ఉడుకుతున్న అన్నంలా ఉంది. ఆడవాళ్ళ కుర్చీల్లో ఈశ్వరీ, దేవుడమ్మా కొంగులతో విసురుకుంటున్నారు. అప్పాజీ ఊరినుంచి ఆటో నిండా మనుషుల్ని వేసుకొచ్చాడు. గంజి పెట్టిన తెల్లచొక్కా, భుజాన కండువా. మొదటి వరసలో కూర్చుని, పక్కవాళ్ళకి వేలితో చూపించబోయి, గోవింద్‌ని చూసి చెయ్యి దించేశాడు. పక్కాయన ఏదో అడిగాడు. అప్పాజీ ఏదో పొడిగా చెప్పాడు. గోవింద్ చూడనట్టు మేనేజర్ గారి వైపు నడిచాడు.

మేనేజర్ గారిది లేతనీలం చొక్కా. చేతి పట్టీ మీద అదే నీలంలో, గోరంత, మూడు పొడి అక్షరాలు. షోరూం మెకానిక్ చిట్టిరాజు మంచినీళ్ళు అందిస్తూ వాటిని చూశాడు. చిట్టిరాజుకి నోరాగదు.

"సార్, మీ సేతి మీద అవేటండీ? కంపెనీ నెంబరా?"

మేనేజర్ నవ్వాడు. "నా పేరయ్యా. మోనోగ్రాం అంటారు."

"మరి గుడ్డ రంగులోనే కుట్టీసేడేటండీ దర్జీ? అగుపించట్లేదు."

"అదే దాని అందం. తెలిసినవాళ్ళకి తెలిస్తే చాలు. అందరికీ కనపడాలని కుట్టిస్తే అది పెట్రోలు బంకు యూనిఫాం అవుతుంది."

చిట్టిరాజు వినయంగా తలూపి, గోవింద్ పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. "అగుపించకుండా ఉండడానికి అంత దారం దండగ దేనికండీ? మానీయొచ్చు గదా."

గోవింద్ నవ్వలేదు. బ్లేజర్ లోపల చెమట కాలవలు కడుతోంది. వెనక్కి తిరిగి చూస్తే మొదటి వరసలో మావయ్య కుర్చీ ఖాళీగా ఉంది. వెతికాడు. షామియానా చివర, మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర నిలబడి ఉన్నాడు. కండువాతో మెడ తుడుచుకుంటూ రోడ్డు మీద ఆటోల వైపు చూస్తున్నాడు. హైవే మీద ఆ రోజు కూడా ఇలాగే నిలబడి ఉంటాడు. ఆ రోజు ఆపింది పోలీసులు.

పూజ అయింది. కొబ్బరికాయ కొట్టారు. "ఫోటోకి రండి" అని పేపర్ ఫోటోగ్రాఫర్ పిలుస్తున్నాడు. గోవింద్ బ్లేజర్ బొత్తాం విప్పాడు. తెగువతో విప్పింది కాదు. నిన్నటినుంచీ ఈ చొక్కాని మొయ్యడం, దాచడం, ఎవరికేం చెప్పాలా అని లోపల్లోపల కూడబలుక్కోవడం, వీటన్నిటితో విసిగిపోయాడు. బ్లేజర్ విప్పి చిట్టిరాజు చేతుల్లో పడేశాడు. ఒంటికి గాలి తగిలి ప్రాణం లేచొచ్చింది.

చిట్టిరాజు చదవనే చదివాడు. "అప్పాజీ! అప్పాజీ ఎవరండీ బాబూ?"

మేనేజర్ తిరిగి చూశాడు. చెమటకి తడిసి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. దాని మీద ఎర్ర సంతకం ఇంకా ఎర్రగా కనిపిస్తోంది.

"మా మేనమామండి" అన్నాడు గోవింద్. "ఈ చొక్కా ఆయన పెట్టారు."

"పెట్టినవాళ్ళ పేరు వేస్తారా మీవైపు?"

"గిన్నెల మీద వేస్తామండి."

"చొక్కాల మీదో?"

"ఇదే మొదలండి."

మేనేజర్‌కి నవ్వాలో వద్దో తెలియలేదు. చివరికి దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "చూడండి గోవింద్, మీ ఇంటి సంగతి నేను కాదనను. ఫోటో హెడ్డాఫీసుకి వెళ్తుంది. ఒక్క అయిదు నిమిషాలు బ్లేజర్ వేసుకోండి. తరవాత మీ ఇష్టం."

న్యాయమైన మాటే. గోవింద్‌కి ఎప్పటిలాగే ఆయన మాటా నిజమనిపించింది. చిట్టిరాజు బ్లేజర్ విప్పి పట్టుకున్నాడు, చేతులు దూర్చడమే తరువాయి.

"వద్దండి" అన్నాడు. "ఇలాగే ఉంటాను. ఫోటో కోసమే పెట్టారండి ఆయన."

మేనేజర్ ఒకసారి అతని ముఖంలోకి చూసి, "సరే, నీ ఇష్టం" అన్నాడు. అంతదాకా ఉన్న 'మీ' ఇప్పుడు 'నీ' అయింది. తన చేతి పట్టీ సర్దుకుని పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. దాని ఖరీదు రేపో ఎల్లుండో తెలుస్తుంది. తెలిసినప్పుడు చూసుకోవచ్చు.

"మావయ్యా!" అని పిలిచాడు గోవింద్. జీరబోయిన గొంతు, సగమే వచ్చింది. డ్రమ్ము దగ్గర ఎవరో అప్పాజీ భుజం తట్టి ఇటు చూపించారు.

అప్పాజీ తొందరపడలేదు. కుర్చీల మధ్యనుంచి మెల్లగా నడిచి వచ్చాడు. నవ్వలేదు, కళ్ళు తుడుచుకోలేదు. ఎదురుగా నిలబడి, తలుపు బిగించిన వడ్రంగి చూసుకున్నట్టు జేబు వైపు తల అటూ ఇటూ వంచి చూశాడు.

"పెన్ను తియ్యి" అన్నాడు.

"ఏటీ?"

"పెన్ను తియ్యిరా. పేరు కప్పడిపోతంది." ఆగకుండా తనే పెన్ను లాగి తన జేబులో పెట్టుకున్నాడు. తడిసిన జేబుని రెండువేళ్ళతో లాగి, ముడతలు లేకుండా పరిచాడు. "ఆ పిల్లకి రక్తం లాంటి ఎరుపు ఏయమన్నాను. ఇటికిరాయి రంగు ఏసీసింది. సరే, ఎండకి తెలీదులే."

ఊరినుంచి వచ్చినవాళ్ళు చుట్టూ మూగారు. ఒక ముసలాయన కళ్ళజోడు పైకెత్తి అక్షరాలు కూడబలుక్కున్నాడు.

"ఈ అప్పాజీ మన అప్పాజీయేనేటి?"

"మరెవుడనుకున్నావు? మేనమామని నేను కానేటి?" అన్నాడు అప్పాజీ. గొంతు షామియానా చివరిదాకా వినిపించింది. "ఓరి ఫోటో బాబూ, సొక్కా పడేలాగ తియ్యి. మొకం పడకపోయినా పర్లేదు, ఈడి మొకం అందరూ సూసిందే."

అందరూ నవ్వారు. నవ్వులో దేవుడమ్మ గొంతు వినిపించింది. ఈశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపుతోంది. ఆమె మనసు మార్చుకోలేదు, ఆ చొక్కా ఆమెకి ఇప్పటికీ సంత కోడే. కానీ జనంలోంచి దారి చేసుకుని వచ్చి, అప్పాజీ పక్కన నిలబడి ఫోటో దిగింది.

మధ్యాహ్నానికి జనం పల్చబడ్డారు. విశాఖపట్నం కార్లు వెళ్ళిపోయాయి. ఆటో నిండా ఊరివాళ్ళు ఎక్కారు. అప్పాజీ ఎక్కేముందు ఇంకోసారి జేబు వైపు చూసి, "ఉతికినప్పుడు ఎండలో ఆరీకు, రంగు పోద్ది. నీడన ఆరీ" అని చెప్పి పోయాడు. కుర్చీలు పేరుస్తున్న చప్పుడులో గోవింద్ బల్ల మీద మోచేతులు ఆన్చి కళ్ళు మూసుకున్నాడు. నిద్ర రావడం లేదు. లేచి వెళ్ళే ఓపికా లేదు.

"అప్పాజీ గారూ" అన్నారెవరో.

కళ్ళు తెరిచాడు. ఎదురుగా నడివయసు రైతు. కాళ్ళకి బురద ఎండి ఉంది. చూపు అతని జేబు మీదే ఉంది.

"రోలుగుంట నుంచి వస్తన్నానండి. అప్పాజీ గారూ, ఈ ఎర్ర బండికి ఎనక తగిలించే రోటవేటరు కూడా కలిపిస్తారేటండీ, అది మనమే కొనుక్కోవాలేటండీ?"

చిట్టిరాజు అవతలనుంచి, "అయ్యా, ఆ బాబు పేరు అది..." అని మొదలెట్టాడు. గోవింద్ చెయ్యెత్తి ఆపాడు. ఇది గిన్నెల దగ్గర్నుంచి చెప్పుకు రావాలి. హైవే దాకా, ఆ పంచె దాకా చెప్పాలి. అంత చెప్పే గొంతు తనకి లేదు.

"కూర్చోండి, చెబుతాను" అన్నాడు. "ముందు మీ పేరు, ఊరు చెప్పండి."

రాసుకోవడానికి జేబు తడిమాడు. వేళ్ళకి మందపాటి దారం కుట్టు తగిలింది గానీ పెన్ను తగల్లేదు. అది మావయ్యతోపాటు మాకవరపాలెం వెళ్ళిపోయింది.

"చిట్టిరాజూ, ఓ పెన్నియ్యి" అన్నాడు.